తుపాకి పనికి బడి ఎక్కడ?

ఆయుధాల తయారీలో స్వావలంబన గురించి మన పాలకులు మాట్లాడని వేదిక లేదు. తయారీ లైసెన్సులు సరళమయ్యాయి. 2018 బడ్జెట్టులో రెండు రక్షణ పారిశ్రామిక కారిడార్లు ప్రకటించారు, అవి ఉత్తరప్రదేశ్‌కూ తమిళనాడుకూ దక్కాయి. 2020లో విదేశీ పెట్టుబడుల పరిమితిని ఆటోమేటిక్ మార్గంలో 74 శాతానికి పెంచారు. ఇంత సన్నాహం నడుమ ఒక చిన్న ప్రశ్న మిగిలిపోయింది. భిలాయిలో ఐటీఐ ముగించిన ఒక యువకుడు తుపాకుల పనిని వృత్తిగా నేర్చుకోవాలనుకుంటే ఏ గడప తొక్కాలి?

ప్రశ్న భిలాయి నుంచే ఎందుకంటే, అది ఇనుముతో బతికే ఊరు. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో పుట్టి, 1959 ఫిబ్రవరిలో తొలి బ్లాస్ట్ ఫర్నేసును వెలిగించిన పట్టణం. ఉక్కు పని వెతుక్కుంటూ వెళ్లిన తెలుగు కుటుంబాలు అక్కడ తరాలుగా స్థిరపడ్డాయి. 2022లో నౌకాదళంలో చేరిన విక్రాంత్ విమానవాహక నౌకకు సెయిల్ సరఫరా చేసిన సుమారు 30,000 టన్నుల ప్రత్యేక ఉక్కులో భిలాయికీ వాటా ఉంది. యుద్ధనౌకకు ఉక్కు ఇవ్వగలిగిన ఊరి బిడ్డకు తుపాకి గొట్టం కొలిచే విద్య ఎక్కడ దొరుకుతుందో చెప్పేవారు లేరు.

ముందుగా చట్టం సంగతి. 1959 ఆయుధాల చట్టంలోని 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకి తయారు చేయడం మాత్రమే కాదు, అమ్మడం, మార్పు చేయడం, మరమ్మతు చేయడం, పరీక్షించడం కూడా నేరమే. గొట్టాన్ని పొట్టి చేయడానికీ, నకిలీ తుపాకిని అసలు ఆయుధంగా మార్చడానికీ 6వ సెక్షన్ అడ్డు. అక్రమ తయారీకి అంతకుముందు మూడు నుంచి ఏడేళ్లుగా ఉన్న శిక్షను 2019 సవరణ కనీసం ఏడేళ్లకు, గరిష్ఠంగా యావజ్జీవానికి పెంచింది. అంటే ‘ఇంట్లో చేసి చూసి నేర్చుకుంటాను’ అనే మాటకు ఈ దేశంలో తావు లేదు, ఉండకూడదు కూడా.

మరి చట్టబద్ధమైన దారి ఏది? దారి ఉంది, కానీ దానికి బోర్డు లేదు. ఈ విద్యకు పునాది తుపాకి కాదు, లోహం. ఐటీఐలో ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్, టూల్ అండ్ డై మేకర్ వంటి రెండేళ్ల ట్రేడుల్లో ఏదో ఒకటి తొలి మెట్టు. చేతిలో ఆకురాయి నిలకడగా ఆడాలి. మైక్రోమీటరు మీద మిల్లీమీటరులో నూరోవంతును కన్ను పట్టాలి. డ్రాయింగు చదవాలి. ఏ ఉక్కును ఎంత వేడి చేసి ఎలా చల్లారిస్తే గట్టిపడుతుందో, ఎక్కడ పెళుసై పగులుతుందో తెలియాలి. పేలుడు ఒత్తిడిని భరించే భాగంలో జరిగే చిన్న పొరపాటు గురిని మాత్రమే చెడగొట్టదు, పట్టుకున్నవాడి చేతినీ కంటినీ తీసుకుపోతుంది.

రెండో మెట్టు 1961 అప్రెంటిస్ చట్టం కింద దొరికే శిక్షణ. ఆయుధ కర్మాగారాల బోర్డును 2021 అక్టోబరు 1న రద్దు చేసి ఏడు ప్రభుత్వ సంస్థలుగా విడగొట్టాక, తుపాకులూ శతఘ్నులూ కాన్పూరు కేంద్రంగా ఉన్న అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా చేతికి వచ్చాయి. ఇషాపూర్, తిరుచిరాపల్లి, కాన్పూరు కర్మాగారాలు దానివే. 1904లో మొదలైన జబల్‌పూర్ గన్ క్యారేజ్ ఫ్యాక్టరీ కూడా దానిదే. భిలాయి కుర్రవాడికి ఉన్నవాటిలో చేరువైనది జబల్‌పూరే.

మూడోది యూనిఫారం దారి. సైన్యంలో చిన్న ఆయుధాల మరమ్మతు ఈఎంఈ దళం బాధ్యత. ఆ దళపు ప్రధాన శిక్షణ సంస్థలు మన సికింద్రాబాదులోనే ఉన్నాయి. కేంద్ర సాయుధ బలగాల్లోనూ ఆర్మరర్ కొలువులు ఉన్నాయి. ఈ మూడు మెట్లలో ఏదీ సులభం కాదు. అన్నీ ఎక్కినా, చివర సొంత మరమ్మతు దుకాణం పెట్టుకోవాలంటే మళ్లీ లైసెన్సు గడప దగ్గరే నిలబడాలి.

ఆస్ట్రియాలోని ఫెర్లాఖ్‌లో 1878 నుంచి, బెల్జియంలోని లీయెజ్‌లో 1897 నుంచి తుపాకి పనికి ప్రత్యేక బడులు ఉన్నాయి. అక్కడ అది పరీక్షలూ పట్టాలూ ఉన్న వృత్తి విద్య. మన దగ్గర పౌరులకు అలాంటి బడి లేకపోవడాన్ని జాగ్రత్త అనుకుంటున్నాం. నిజానికి అది నిర్లక్ష్యం. ఎందుకంటే బడి లేనంత మాత్రాన విద్య ఆగలేదు, చీకట్లోకి వెళ్లింది.

మీర్ కాసిం కాలం నుంచి ఆయుధాలకు పేరుపడ్డ బీహార్‌లోని ముంగేర్ పేరు నేడు అక్రమ తుపాకుల కేసుల్లో వినబడుతోంది. 2006లో మహబూబ్‌నగర్, ప్రకాశం జిల్లాల్లో పోలీసులకు దొరికిన మావోయిస్టు రాకెట్ల విడిభాగాలు చెన్నై అంబత్తూరు వర్క్‌షాపుల్లో తయారైనవని తేలింది. లేత్ మిషనుకు ధర్మాధర్మాలు తెలియవు, దాని ముందు నిలబడే మనిషికే తెలియాలి. ఇక భిలాయి సంగతి. 1991 సెప్టెంబరు 28న కార్మిక నాయకుడు శంకర్ గుహా నియోగిని అక్కడే, నిద్రలో ఉండగా కాల్చి చంపారు. వాడినది నాటు తుపాకి. లెక్కల్లో లేని పనివాడి చేతినుంచి వచ్చిన ఒక్క ఆయుధం ఒక ప్రజా ఉద్యమాన్ని ఎంత దెబ్బ తీయగలదో ఛత్తీస్‌గఢ్‌కు ఒకరు చెప్పనక్కరలేదు.

తుపాకి పని నేర్పడమంటే హింసను పెంచడమేనని వాదించేవారున్నారు. ఆ భయం కొట్టిపారేయదగినది కాదు. బస్తర్ పక్కనే ఉన్న ప్రాంతంలో మరీను. అయితే ప్రైవేటు ఆయుధ కర్మాగారాలకు తలుపులు తెరిచిన ప్రభుత్వం, అందులో పనిచేసే చేతుల విషయంలో మాత్రం ఈ భయాన్ని చూపించడం పొసగదు. పెట్టుబడిని నమ్మి పనివాడిని అనుమానించే విధానం భద్రతా విధానం కాదు.

కోరవలసింది పెద్దదేమీ కాదు. ఐటీఐలో ఫిట్టర్, మెషినిస్ట్ చదువు ముగించినవారికి ఆయుధ మరమ్మతులో ఒక ధ్రువపత్ర కోర్సు ఉండాలి. పోలీసు విచారణ తర్వాతే ప్రవేశం, ప్రభుత్వ కర్మాగారపు ఆవరణలోనే శిక్షణ, నేర్చుకున్న ప్రతి ఒక్కరి పేరూ నమోదు చేసిన పట్టిక. పోలీసు ఆయుధాగారాలకూ, క్రీడా షూటింగు రేంజ్‌లకూ వారి అవసరం ఉంది. అదే నేర్పు ఖాకీల మధ్యనో కర్మాగారంలోనో కాక ఊరి చివర రేకుల షెడ్డులో పెరిగితే, ఏడేళ్ల శిక్షా యావజ్జీవమూ నేరం జరిగాకే పనికొస్తాయి. శిక్షను పెంచడానికి పార్లమెంటుకు 2019లో తీరిక దొరికింది. శిక్షణకు ఎప్పుడు దొరుకుతుందో భిలాయి నుంచి ఎన్నికైన ప్రతినిధులు అడగాలి. వాళ్లను మనం అడగాలి.