పొయ్యి ఇచ్చారు, బాగుచేసేవారేరీ?

ఆంధ్రప్రదేశ్‌లో దీపం-2 పథకం కింద అర్హత ఉన్న కుటుంబానికి ఏడాదికి మూడు గ్యాస్ సిలిండర్లు ఉచితం. 2024 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఈ పథకాన్ని ప్రారంభించారు. ఒక్కో సిలిండర్‌లో 14.2 కిలోలు, మూడింట్లో కలిపి 42.6 కిలోల గ్యాస్. మంచి పథకమే. కానీ ఆ గ్యాస్‌లో చాలా భాగం మండేది ఎప్పుడో కొన్న పాత స్టవ్వుల మీద. బర్నర్ కన్నాలు సగం పూడిపోయి, నీలంగా రావాల్సిన మంట పసుపు తిరిగి, గిన్నె అడుగున వేలెడు మసి పడుతుంటే ఖజానా నుంచి కట్టిన డబ్బు ఆ మసి పాలవుతున్నట్టే. సిలిండర్ల లెక్క చెప్పే వాళ్లెవరూ స్టవ్వు సంగతి ఎత్తరు.

అహోబిలం లాంటి ఊళ్లో ఈ బాధ ఇంకా ఎక్కువ. నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ మండలంలో నల్లమల అంచున ఉన్న ఊరు. అడవి పక్కనే కాబట్టి వంటచెరకుకు కొదవ లేదు. ఆ మోపులు మోసేది ఆడవాళ్ల నెత్తులే. గ్యాస్ వచ్చాక ఆ మోత తగ్గింది. స్టవ్వు మొరాయించిన రోజు మాత్రం పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మళ్లీ రాజుకుంటుంది. పెద్ద అంగళ్లు చూడాలంటే దాదాపు పాతిక కిలోమీటర్ల దూరంలోని ఆళ్లగడ్డకు పోవాలి. స్టవ్వును గోతంలో చుట్టి బస్సెక్కాలి. ఆ పూట కూలి పోతుంది. సామాను దొరక్కపోతే రేపు రమ్మంటారు, ఇంకో పూట కూలీ పోతుంది. సంక్రాంతి తర్వాత నలభై రోజులకు పైగా సాగే పారువేట ఉత్సవంలో అహోబిలం నరసింహస్వామి పల్లకి ఊరూరా తిరుగుతుంది. పల్లకి వచ్చిన ఊళ్లో ఇంటింటా చుట్టాలే. రెండు బర్నర్లూ పొద్దున్నుంచి రాత్రి దాకా వెలగాల్సిన రోజులవి.

ఇంతకీ స్టవ్వుకు వచ్చే జబ్బులు పెద్దవేమీ కావు. అన్నం గంజి, పాలు, సంగటి ఎసరు పొంగి బర్నర్ మీద పడతాయి. ఎండి గట్టిపడి కన్నాలను మూసేస్తాయి. బర్నర్ కింద ఇత్తడి జెట్ ఉంటుంది. దాని కన్నం సన్నని సూది మొనంత. అందులో చిన్న నలుసు అడ్డుపడినా మంట చిన్నదవుతుంది. పంపు స్టవ్వుల కాలంలో పిన్ను లేని ఇల్లు ఉండేది కాదు. ఆ అలవాటుతోనే ఇప్పుడూ చాలామంది చేతికందిన సూదితో జెట్‌ను పొడుస్తారు. కన్నం కొంచెం పెద్దదైతే చాలు, గ్యాస్ ఎక్కువగా వచ్చి, దానికి సరిపడా గాలి కలవక మంట పసుపెక్కి మసి చిమ్ముతుంది. నాబ్ బిగుసుకుపోవడం ఇంకో తంటా. లోపలి వాల్వులో గ్రీజు ఎండిపోతే అలా అవుతుంది. విప్పి తుడిచి, వేడికి కరగని గ్రీజు రాస్తే సరిపోయేదాన్ని కటింగ్ ప్లేయరుతో మెలితిప్పి విరగ్గొడతారు. ఇక సంగటి సంగతి వేరు. పొయ్యి మీదే తెడ్డేసి బలంగా కెలికితే పల్చటి రేకు స్టవ్వు ఊగిపోతుంది, కాళ్ల కింది రబ్బరు బిళ్లలు ఊడిపోతాయి, వెనక పైపు బిగింపు వదులవుతుంది. ఎల్పీజీ గాలికన్నా బరువు, లీకైతే పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. అగ్గిపుల్ల గీసి కాదు, సబ్బు నురగ పూసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. వాసన పసిగట్టగానే రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తలుపులు తీసి, లైట్ల స్విచ్చుల జోలికి పోకుండా 1906కు ఫోన్ చేయాలి.

వీటిలో చాలావాటికి కొత్త స్టవ్వు అక్కర్లేదు. జెట్, బర్నర్, నాబ్, వాల్వు మారిస్తే పాతది ఇంకొన్నేళ్లు నడుస్తుంది. నాబులన్నీ కూర్చునే లోపలి గొట్టం తుప్పు పట్టినా, మరమ్మతు తర్వాత కూడా వాల్వు దగ్గర గ్యాస్ కారుతున్నా, గాజు పలక పగులిచ్చినా మాత్రం మొహమాటం లేకుండా పారేయాలి. కొత్తది కొనేటప్పుడు ఐఎస్‌ఐ గుర్తు చూడాలి. ఐఎస్ 4246 ప్రమాణం ప్రకారం గ్యాస్‌లోని వేడిలో కనీసం 68 శాతం గిన్నెకు చేరాలి. తక్కువ ధరకు వస్తుందని గుర్తు లేని స్టవ్వు కొంటే మిగిలిన డబ్బు గ్యాస్ రూపంలో పోతుంది.

పొయ్యి ఇచ్చి మరమ్మతు మరవడం మనకు కొత్త కాదు. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ ల్యాబొరేటరీస్ డైరెక్టర్ ఎస్.పి. రాజు పేదింటి వంటగదిలో పొగ లేకుండా చేయాలని పొగగొట్టం ఉన్న మట్టి పొయ్యిని తయారుచేసి, 1953లో దాని మీద పుస్తకమే రాశారు. తర్వాత 1980ల్లో కేంద్రం పొగలేని పొయ్యిల జాతీయ కార్యక్రమం చేపట్టి కోట్ల సంఖ్యలో పంచింది. 2002లో అది ఆగిపోయింది. ఆ పొయ్యిలు ఏమయ్యాయో అర్థం కావాలంటే పక్కనున్న ఒడిశాలో జరిగిన అధ్యయనం చూడాలి. ఆర్థికవేత్తలు రెమా హన్నా, ఎస్తర్ డుఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ మెరుగైన మట్టి పొయ్యిలు పొందిన కుటుంబాలను ఏళ్ల తరబడి గమనించారు. మొదటి ఏడాది పొగ తగ్గింది. తర్వాత పొయ్యిలు బీటలు వారాయి, గొట్టాలు పూడిపోయాయి, బాగుచేసేవాళ్లు లేక జనం పాత పద్ధతికే మళ్లారు. ఆరోగ్యంలో మార్పేమీ మిగల్లేదు.

గ్యాస్ విషయంలోనూ అదే పొరపాటు సాగుతోంది. ఉమ్మడి రాష్ట్రంలో 1999 నాటి దీపం పథకం పొదుపు సంఘాల మహిళలకు కనెక్షన్లు ఇచ్చింది. కేంద్రం 2016లో ఉజ్వల తెచ్చింది, 2021లో ఉజ్వల 2.0 కింద స్టవ్వు కూడా ఉచితంగా ఇచ్చింది. ఇన్నేళ్లలో ఇచ్చిన స్టవ్వు చెడిపోతే ఎవరు చూడాలన్న ప్రశ్నకు ఏ పథకంలోనూ సరైన జవాబు లేదు. సిలిండర్ ఇచ్చే మనిషే భద్రతా తనిఖీ చేసే ఏర్పాటు చమురు సంస్థలు తెచ్చాయి. అది మెచ్చుకోదగ్గదే. అయితే ఆ తనిఖీ ముఖ్యంగా పైపు, రెగ్యులేటర్, లీకుల కోసం. అయిదేళ్లకోసారి నారింజ రంగు సురక్ష పైపు మార్చమని గుర్తుచేయడం వేరు, పూడిన జెట్‌ను మార్చడం వేరు. 2022 డిసెంబరు 24న కేంద్రం ప్రారంభించిన మరమ్మతు హక్కు పోర్టల్‌లో కనిపించేవీ పేరున్న కంపెనీలే. పల్లెల్లో వాడే ఊరూ పేరూ లేని స్టవ్వులకు అక్కడ దిక్కు లేదు.

చేయాల్సింది కష్టమైన పని కాదు. సిలిండర్ల బండి ఎలాగూ ఊళ్లకు వస్తోంది. నెలకోసారి, సచివాలయం గోడ మీద ముందే రాసిపెట్టిన తేదీన, ఆ బండిలోనే ఒక మెకానిక్ రావాలి. అతని పెట్టెలో ఎక్కువగా అమ్ముడయ్యే స్టవ్వుల జెట్లు, వాల్వులు, బర్నర్లు, నాబులు ఉండాలి. దీనికి పొదుపు సంఘాల మహిళలకే శిక్షణ ఇస్తే ఇంకా మేలు, వంటగది వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. రాజస్థాన్‌లోని తిలోనియాలో 1972లో మొదలైన బేర్‌ఫుట్ కాలేజీ చదువు రాని పల్లె ఆడవాళ్లకే సోలార్ దీపాల మరమ్మతు నేర్పింది. గ్యాస్ స్టవ్వు అంతకన్నా సులువైన యంత్రం.

బాగుచేయలేని స్టవ్వులకు ఐఎస్‌ఐ గుర్తున్న కొత్తవి రాయితీ మీద ఇచ్చి, పాతవి వెనక్కి తీసుకోవాలి. ఏటా సిలిండర్ల మీద పెట్టే ఖర్చులో ఒక చిన్న పాలు దీనికి పక్కన పెడితే చాలు. ముందు ఆళ్లగడ్డ మండలంలో ఒక ఏడాది చేసి చూడవచ్చు. ఏ ఇంట్లో సిలిండర్ ఎన్ని రోజులు ఎక్కువగా వచ్చిందో ఏజెన్సీ పుస్తకాల్లోనే తేలుతుంది.