సిరా ఎవరిది?

మూత్రపిండాన్ని అచ్చు వేసే రోజు దగ్గరపడిందన్న వార్త ఏళ్ల తరబడి వింటున్నదే. 2011లో అమెరికా శస్త్రవైద్యుడు ఆంథొనీ అటాలా ఒక వేదిక మీదే త్రీడీ ప్రింటర్ మూత్రపిండం ఆకారాన్ని అచ్చు వేస్తుండగా, అంతకుముందే అలా వేసినదాన్ని చేతిలోకి తీసుకుని సభకు చూపించారు. ఆకారం బాగానే ఉంది, రక్తాన్ని వడగట్టే శక్తే లేదు. 2019లో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయంలో తాల్ డ్విర్ బృందం, రోగి కొవ్వు కణజాలం నుంచే తీసిన సరుకుతో కుందేలు గుండె అంత గుండెను ముద్రించింది. అందులోని కణాలు ముడుచుకున్నాయి గానీ, అన్నీ ఒక్కటై రక్తాన్ని తోడే స్థితికి రాలేదు. డయాలసిస్ మంచం మీద పడుకుని ఈ వార్తలు చదివే మనిషికి ఇవి ఆశ పెట్టి ఊరుకుంటున్నాయి.

వార్తలన్నీ యంత్రం చుట్టూ తిరగడమే దీనికి కారణమని నా అభిప్రాయం. సూది మొనను మిల్లీమీటరులో ఏ వంతుకైనా కదిపే యంత్రాలు ఇప్పుడు అపురూపమేమీ కాదు. చిక్కంతా అందులో పోసే పదార్థంతోనే. దాన్నే బయోఇంక్ అంటున్నారు.

జంతికలు వేసిన చేతికి ఈ చిక్కు చప్పున అర్థమవుతుంది. పిండి జారుగా ఉంటే గొట్టంలోంచి దిగిన చుట్టు నిలవదు, గట్టిగా ఉంటే ఎంత నొక్కినా దిగదు. బయోఇంక్‌దీ అదే తంతు. నొక్కితే పారాలి, నొక్కుడు ఆగగానే నిలబడాలి. కాకపోతే ఈ పిండిలో ప్రాణముంది. సన్నటి సూదిలోంచి బలంగా తోస్తే లోపలి కణాలు నలిగి చస్తాయి. జంతికను గట్టిపరచడానికి కాగే నూనె ఉంది, ఇక్కడ ఒంటి వేడి దాటితే ప్రమాదం. అందుకని మెల్లని దారులు వెతుక్కున్నారు. సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్ కాల్షియం తగలగానే గడ్డకడుతుంది గానీ, కణాలు పట్టుకుని పాకడానికి అందులో ఊతం లేదు. జెలటిన్ అంటే కణాలకు ఇష్టమే, కానీ ఒంటి వేడికి అది కరిగిపోతుంది. రసాయనికంగా మార్చి, కాంతి పడేసి బిగించుకోవాలి. కొల్లాజెన్‌ది తిరగబడిన వరస, చల్లగా ఉంటే ద్రవం, 37 డిగ్రీల దగ్గర జెల్. అది బిగిసేలోపు కూలిపోకుండా అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆడం ఫైన్‌బర్గ్ బృందం ఓ ఉపాయం చేసింది. మెత్తటి జెలటిన్ రేణువులు నింపిన తొట్టిలోనే కొల్లాజెన్‌ను ముద్రించి, ఆ తర్వాత కాస్త వేడి తగిలించి జెలటిన్‌ను కరిగించి పారబోసింది. జెలటిన్‌కున్న లోపాన్నే పనిముట్టుగా మార్చుకున్న ఆ తెలివికి ముచ్చటేస్తుంది.

అయితే సిరా నిలబడితే చాలదు, కణాలకు దారి కూడా చూపాలి. ఒకే రకం మూలకణాలను మెదడంత మెత్తటి తలం మీద పెంచితే నాడీకణాల వైపు, కండరమంత బిగువున్న తలం మీద కండరం వైపు, ఇంకా గట్టి తలం మీద ఎముక వైపు మళ్లుతాయని 2006లో ఆడం ఎంగ్లర్, డెన్నిస్ డిషర్ చూపించారు. పడుకున్న పక్కను బట్టి కణం బుద్ధి మారుతుందన్నమాట. మరి గుండె కణానికి ఏ పక్క వేయాలి? కాలేయానికి ఏది?

ఆ అవయవాన్నే అడగాలన్నది 2014లో దక్షిణ కొరియాలోని పోస్టెక్ విశ్వవిద్యాలయంలో దొరికిన జవాబు. అవయవం నుంచి కణాలన్నిటినీ కడిగేస్తే, వాటి మధ్య ఉండే కొల్లాజెన్, ఇతర ప్రొటీన్ల అల్లిక మిగులుతుంది. దాన్ని కరిగించి సిరాగా మార్చారు. కొవ్వుకు కొవ్వు అల్లిక, మృదులాస్థికి మృదులాస్థి అల్లిక, గుండెకు గుండెది. డాంగ్-వూ చో ప్రయోగశాల నుంచి వచ్చిన ఆ పరిశోధన పత్రంలో మొదటి పేరు ఫల్గుణి పాటిది. ఆయన తర్వాత ఐఐటీ హైదరాబాద్‌లో ఆచార్యుడయ్యారు. 2022 ఆగస్టులో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ, ఐఐటీ హైదరాబాద్, సీసీఎంబీ కలిసి ముద్రిత కార్నియాను, అంటే కంటి ముందుండే పారదర్శక పొరను, ప్రకటించడం వెనక ఉన్న దారి ఇదే. సయన్ బసు, వివేక్ సింగ్‌లతో పాటి కలిసి చేసిన ఆ కార్నియాను కుందేలు కంటికి అమర్చారు. సిరా మనిషి కార్నియా నుంచే తీసింది, జంతు పదార్థం ఏమీ లేదు. పంది, ఆవు జెలటిన్ అంటే ఉలిక్కిపడే మన సమాజంలో అది చిన్న సంగతి కాదు.

కంటితోనే మొదలుపెట్టడానికి గట్టి కారణమే ఉంది. శరీరంలో దాదాపు ఏ కణమైనా రక్తకేశనాళికకు మిల్లీమీటరులో పదో వంతు నుంచి ఐదో వంతు లోపు దూరంలో ఉంటేనే బతుకుతుంది. మూత్రపిండం ముద్రించాలంటే మొదట ఆ నాళాల చిక్కటి వల మొత్తం ముద్రించాలి. కార్నియాకు ఆ బాధ లేదు. మందం అర మిల్లీమీటరు, అందులో రక్తనాళాలే ఉండవు, ప్రాణవాయువు ఎక్కువగా కన్నీటి పొర ద్వారా గాలి నుంచే అందుతుంది. దాని కష్టం దానికుంది. కొల్లాజెన్ పోగులు సమాన మందంతో, సమాన ఎడంతో పేర్చి ఉంటేనే అది అద్దంలా ఉంటుంది, వరస చెదిరితే మసకబారుతుంది. అయినా అది దాటగల అడ్డంకి. 2025 అక్టోబరులో ఇజ్రాయెల్‌లోని హైఫాలో ముద్రిత కార్నియా కణజాలాన్ని మనిషి కంటికే అమర్చారు. కనుక మూత్రపిండం కన్నా ముందు మన ముంగిట్లోకి రాబోయేది కంటి సిరాయే.

మనం తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇక్కడే పుడుతుంది. హైదరాబాద్ సిరాకు ముడిసరుకు ఎక్కడిది? మార్పిడికి కావలసినంత స్పష్టత లేక పక్కన పెట్టిన దాతల కార్నియాలది. వృథా పోయేదాన్ని మందుగా మార్చడం గొప్ప ఆలోచన, అందులో అనుమానం లేదు. కానీ తండ్రి కళ్లు దానం చేస్తూ అర్ధరాత్రి ఆస్పత్రి వరండాలో సంతకం పెట్టిన కొడుకు మనసులో ఉన్నది ఇంకొకరి చూపు. సీసాలోకెక్కే జెల్ కాదు.

చట్టం కూడా రెండు గొంతులతో మాట్లాడుతుంది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం మనిషి అవయవాల క్రయవిక్రయాన్ని నేరమంది, 2011 సవరణ కణజాలాలనూ అందులోకి తెచ్చింది. మూలకణాల నుంచి తయారైన ఉత్పత్తిని 2019 నాటి క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు కొత్త ఔషధంగా లెక్కిస్తాయి, అనుమతి దొరికితే అమ్ముకోవచ్చు. దానం ఏ గడప దగ్గర సరుకవుతుంది? అమెరికాలో జాన్ మూర్ అనే రోగి ప్లీహం నుంచి వైద్యుడు తీసిన కణాలపై, ఆయన్ను ఆవిష్కర్తగా చూపి, ఆయన విశ్వవిద్యాలయం పేటెంటు పొందింది. ఆ కణాలపై మూర్‌కు యాజమాన్యం లేదని, అయితే తన లాభం సంగతి వైద్యుడు ముందే చెప్పి ఉండాల్సిందని 1990లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. తీర్పు మొదటి సగంతో నాకు పేచీ ఉంది, రెండో సగమే మనకు పనికొచ్చేది.

అందుకని నేత్రదాన అంగీకార పత్రంలో తెలుగులోనే మూడు గడులు విడివిడిగా ఉండాలి: మార్పిడికి, పరిశోధనకు, ఉత్పత్తి తయారీకి. మూడోదానికి కాదన్నవారి దానాన్ని మొదటి రెండిటికీ మనస్ఫూర్తిగా స్వీకరించాలి. ధర మాటకొస్తే, కార్నియా పరిశోధనకు కేంద్ర బయోటెక్నాలజీ విభాగం డబ్బు ఇచ్చింది, రోగులపై పరీక్షల దాకా సాగే దశకు విజయవాడలోని శ్రీ పద్మావతి వెంకటేశ్వర ఫౌండేషన్ ముందుకొచ్చింది. ప్రజల డబ్బు, దాతల కళ్లు కలిసిన సరుకుకు గరిష్ఠ ధర లైసెన్సు ఇచ్చే రోజే రాసుకోవాలి, మార్కెట్లోకి వచ్చాక బతిమాలుకోవడం కాదు. ఇలా షరతులు పెడితే పరిశోధన కుంటుపడుతుందనేవారు ఉన్నారు. కానీ కిడ్నీ రాకెట్ల వార్తలు చదివిన మన ఇళ్లలో, దానం చేసిన కళ్లతో వ్యాపారం జరుగుతోందన్న ఒక్క పుకారు చాలు, నేత్రనిధి ఫోను మోగడం మానేస్తుంది. అప్పుడు మార్పిడికీ, సిరాకూ రెండిటికీ కార్నియా దొరకదు.

ఆ షరతులు వచ్చేదాకా దానం ఆపుకోనక్కర్లేదు. మరణించిన ఆరు గంటల్లోపు కార్నియా సేకరించాలి. ఇంట్లో ఆ ఘడియ వస్తే రెప్పలు మూసి, పైన తడి దూది ఉంచి, ఫ్యాను ఆపి, తల కింద దిండు పెట్టి, దగ్గరలోని నేత్రనిధికి ఫోన్ చేయండి. వచ్చినవారు సంతకం అడిగినప్పుడు, ఈ కళ్లు దేనిదేనికి వాడతారో చెప్పమని అడగండి.