గోధుమ పడని పిల్లల తరఫున వినతిపత్రం

గౌరవనీయులైన ఏలూరు జిల్లా కలెక్టర్ గారికి,

ముదినేపల్లి మండలంలో సీలియాక్ వ్యాధి ఉన్న పిల్లల తల్లిదండ్రులం నమస్కరించి సమర్పించుకొను విన్నపం.

విషయం: సీలియాక్ నిర్ధారణ పరీక్ష, అంగన్‌వాడీ, బడి భోజనాల్లో మార్పులు, గోధుమ కలవని పిండిమర ఏర్పాటు కోరుతూ.

ఆర్యా,

గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు మా పిల్లల ఒంటికి పడదు. ఒళ్లు దద్దుర్లెక్కి సాయంత్రానికి తగ్గిపోయే పడకపోవడం కాదిది. గ్లూటెన్ లోపలికి వెళ్తే శరీర రక్షణ వ్యవస్థే చిన్నపేగు మీద తిరగబడి, తిన్నదాని సారం పీల్చుకునే లోపలి పొరను అరగదీస్తుంది. ఇక ఎంత పెట్టినా ఒంటబట్టదు. విరేచనాలు, కడుపుబ్బరం, ఆగిపోయిన ఎదుగుదల. ఐరన్ మాత్రలు మింగుతూనే ఉన్నా రక్తం పెరగదు. దీనికి మందు లేదు, బతికినంతకాలం గ్లూటెన్ మానేయడమే వైద్యం. మానితే పేగు కోలుకుంటుంది, పిల్లలు తేరుకుంటారు.

మా మొదటి కష్టం ఈ జబ్బు పేరు తెలుసుకోవడమే. ఒక ఆసుపత్రిలో నులిపురుగులన్నారు. మరోచోట బలానికి టానిక్ రాశారు. ఇంకోచోట బార్లీ నీళ్లు పట్టమన్నారు. బంధువులు మాల్ట్ పొడి డబ్బాలు తెచ్చిచ్చారు, అందులోనూ బార్లీ, గోధుమలే. ఇది ఉత్తరాది వాళ్ల జబ్బు, అన్నం తినేవాళ్లకు రాదు అన్న మాట చదువుకున్న వైద్యుల నోటే విన్నాం. ఆ మాటలో సగమే నిజం. 2016లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో ఈ జబ్బును సూచించే ప్రతిరక్షకాలు ఉత్తరాదిన నూటికి 1.23 మంది రక్తంలో, దక్షిణాదిన వెల్లూరు ప్రాంతంలో 0.10 మంది రక్తంలో కనిపించాయి. జబ్బుకు దారితీసే జన్యువులు మాత్రం రెండుచోట్లా దాదాపు సమానంగానే ఉన్నాయి. పెద్ద తేడా కంచంలో ఉంది. అక్కడ రోజుకు మనిషికి సగటున 455 గ్రాముల గోధుమ, ఇక్కడ 25 గ్రాములు. కానీ ఇప్పుడు మా మండలంలో షుగర్ ఉన్న ప్రతి ఇంట్లో రాత్రికి చపాతీ. గుడివాడ నుంచి కైకలూరు దాకా రోడ్డు పొడుగునా బేకరీలు, నూడుల్స్ బండ్లు. పోనీ ఆ 0.10 లెక్కే పట్టుకున్నా పదివేల జనాభాకు పదిమంది రక్తంలో ఆ గుర్తు ఉండాలి. వాళ్లలో ఎందరికి పరీక్ష జరిగింది?

అందుచేత అన్నిటికన్నా ముందు కోరేది పరీక్ష. టీటీజీ ఐజీఏ అనే రక్తపరీక్షతో జబ్బును అనుమానించవచ్చు, తర్వాత ఎండోస్కోపీ చేసి పేగు ముక్క పరీక్షిస్తే ఖాయమవుతుంది. 2022లో మా మండలం ఏలూరు జిల్లాలోకి వచ్చింది. 2023లో ఏలూరులోనూ, మచిలీపట్నంలోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ముదినేపల్లి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే రక్తం తీసి అక్కడికి పంపే ఏర్పాటు చేయించండి. ఎండోస్కోపీ, బయాప్సీ ఖర్చును ఎన్టీఆర్ వైద్యసేవ కింద స్పష్టంగా చూపించండి. అందరికీ చేయమనడం లేదు. మాత్రలు వాడినా రక్తం పెరగని పిల్లలు, ఎదుగుదల ఆగినవాళ్లు, చిన్నతనంలోనే ఇన్సులిన్ మీద పడ్డవాళ్లు, సీలియాక్ ఉన్నవారి తోబుట్టువులు, తల్లిదండ్రులు, వీరికి చాలు. పరీక్షకు ముందే గోధుమ మాన్పించవద్దని ఏఎన్ఎంలకు, ఆశా కార్యకర్తలకు గట్టిగా చెప్పించండి. ముందే మానేస్తే జబ్బు ఉన్నా పరీక్షలో లేదని వచ్చే ప్రమాదం ఉంది.

ఇక తిండి సంగతి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతంలో గోధుమే ప్రధానం. ఎదగని పిల్లకు అది ఇంకో రెండు చెంచాలు ఎక్కువ పెట్టమంటారు, పెట్టేవాళ్ల తప్పు కాదు. వైద్యుడి చీటీ ఉన్న పిల్లలకు దాని బదులు బియ్యం, పెసరపప్పు, పాలపొడి, బెల్లం, గుడ్లు ఇప్పించండి. బడిలో మధ్యాహ్నం అన్నం, కోడిగుడ్డు, వేరుశనగ చిక్కీ పెడుతున్నారు, అవి మా పిల్లలకు పడేవే. రాగిజావ కూడా మంచిదే, కానీ ఆ రాగిపిండి గోధుమలాడిన మరలో ఆడకూడదు. పిండి సరఫరా చేసేవారి నుంచి గ్లూటెన్ పరిమితి ధ్రువపత్రం తీసుకోండి. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన ప్రకారం కిలోకు 20 మిల్లీగ్రాములు దాటనిదే గ్లూటెన్ లేనిదిగా లెక్క.

ఇంగువ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఎవరికీ అనుమానం రానిది అదే. పచ్చి ఇంగువ ఘాటుకు ఆగలేక దానిలో జిగురు, పిండి కలిపి డబ్బాల్లో అమ్ముతారు. చాలా డబ్బాల్లో ఆ పిండి గోధుమపిండే, వెనక సన్నటి అక్షరాల్లో రాసి ఉంటుంది. సాంబారులో, పులిహోర పోపులో వేసే ఆ చిటికెడు చాలు, మా పిల్లలు మళ్లీ పడకెక్కడానికి. బడి వంటకు బియ్యప్పిండి కలిపిన ఇంగువే కొనాలని, లేదంటే అసలు వేయవద్దని ఉత్తర్వులివ్వండి. ఖర్చు లేని పని ఇది.

మరో పెద్ద చిక్కు పిండిమర. ముందువాళ్లు గోధుమలు ఆడించుకుని వెళ్లాక మన బియ్యం పోస్తే, రాళ్ల సందుల్లో మిగిలిన గోధుమపిండి మన డబ్బాలోకే దిగుతుంది. తెల్లవారకముందే వెళ్లి మొదటి వాయి మాదేనని బతిమాలుకుంటున్నాం. కిలో బియ్యం ముందు ఆడించి పారబోసి, తర్వాత మా పిండి పట్టుకుంటున్నాం. డ్వాక్రా సంఘానికి రుణమిప్పించి మండల కేంద్రంలో బియ్యం, రాగులు, జొన్నలు, మినుములు మాత్రమే ఆడే మర ఒకటి పెట్టించండి.

గ్లూటెన్ లేని బ్రెడ్డు, బిస్కెట్లు ప్రభుత్వం పంచాలని మేం అడగడం లేదు. ఖరీదైన ఆ పొట్లాల అవసరం పంజాబులో ఉంటుందేమో, సార్వా, దాళ్వా రెండు పంటలూ వరే పండే మా నేలలో లేదు. ఇడ్లీ, మినపట్టు, పెసరట్టు, అరిసెలు, సున్నుండలు, చేపల పులుసూ అన్నం, ఇన్ని ఉన్నాయి. శనగపిండి స్వచ్ఛమైనదైతే బందరు లడ్డూ తినొచ్చు, గోధుమ పాలతో చేసే బందరు హల్వా కూడదు. ఈ తేడా చెప్పే కాగితం లేకనే అవస్థ. బొంబాయి రవ్వ, సేమియా, మైదా, గోధుమ నూక, మాల్ట్ కూడవని పెద్ద తెలుగు అక్షరాల్లో ఒక పట్టిక అచ్చు వేయించి ప్రతి బడిలో, అంగన్‌వాడీలో, మందుల షాపులో అంటించండి. సింగరాయపాలెం షష్ఠి తిరునాళ్లలోనూ, వ్రతాల ఇళ్లలోనూ రవ్వ ప్రసాదం వద్దన్న పిల్లను కోప్పడేవారు ఆ కాగితం చూస్తే ఊరుకుంటారు. దేవుడికి చెప్పుకోగలం గానీ పెద్దవాళ్లకు చెప్పడం కష్టంగా ఉంది.

పరీక్ష, పట్టిక, ఇంగువ ఉత్తర్వు, ఈ మూడూ కొత్త విద్యా సంవత్సరం మొదలయ్యేలోగా అమలయ్యేట్టు వైద్య ఆరోగ్య, విద్య, స్త్రీ శిశు సంక్షేమ శాఖలకు ఆదేశాలిచ్చి, తీసుకున్న చర్యను మాకు రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా ప్రార్థిస్తున్నాము.

ఇట్లు,
తమ విధేయులు,
సీలియాక్ పిల్లల తల్లిదండ్రులు,
ముదినేపల్లి మండలం