నవాబు పేరే గానీ బేగం పేరేదీ?

సంపాదకులకు,

వికారాబాద్ చరిత్ర మీద మీరు వేసిన వ్యాసం బాగుంది. 'పైగా' అనే జాగీర్దారు వంశపు నవాబు సర్ వికారుల్ ఉమ్రా పేరనే ఊరు వెలిసిందన్నది నిజం. మా మర్పల్లిలో రైలెక్కి జంక్షన్‌లో దిగితే పసుపు బోర్డు మీద ఇప్పటికీ ఆ పేరే. కానీ ఆయన భార్యను 'నిజాం ఇంటి ఆడపడుచు' అని ఒక్క ముక్కలో తేల్చేశారే!

ఆమె జహందారున్నిసా బేగం. ఐదో నిజాం అఫ్జలుద్దౌలా కూతురు, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ తోబుట్టువు. 1884లో పునాది వేసిన ఫలక్‌నుమా మహల్ ఖర్చు నవాబును అప్పుల్లో ముంచితే, దాన్ని నిజాంకు నజరానాగా ఇచ్చి గట్టెక్కమన్నది ఆమేనని అంటారు. 101 మంది కూర్చునే భోజనాల బల్ల ఉన్న ఆ మహల్ చివరికి నిజాం చేతికే వెళ్లింది. ఆ తెలివి మాత్రం 1893 నుంచి 1901 దాకా దివాన్‌గా ఉన్న భర్త ఖాతాలో పడింది.

వారసుల దగ్గరా ఇదే వరస. నవాబు కొడుకు వలీఉద్దౌలా నిజాం పాలనామండలి అధ్యక్షుడయ్యారని రాశారు, సరే. 1949లో జాగీర్ల రద్దు దాకా వచ్చిన మీ వంశవృక్షంలో ఒక్క ఆడపేరూ లేదు. ఎవరు ఏ తల్లి బిడ్డో చెప్పని వంశవృక్షం సగమే. తల్లుల, కూతుళ్ల పేర్లు చేర్చి వచ్చే సంచికలో మళ్లీ వేయండి.

- ఒక పాఠకుడు, మర్పల్లి, వికారాబాద్ జిల్లా