‘భార్యాపిల్లలతో’: ఒక విభక్తి మీద అభ్యంతరం

మా మంత్రాలయంలో పెరిగే పిల్లలకి ఎవరూ కూర్చోబెట్టి చెప్పకుండానే తెలిసిపోయే కథ ఒకటుంది. వేంకటనాథుడికి సన్యాసం తీసుకుని పీఠమెక్కమని గురువు పిలుపు. భార్య చిన్నది, కొడుకు పసివాడు అని ఆయన మొదట తటపటాయించాడు. చివరికి 1621లో తంజావూరులో సన్యాసం తీసుకుని రాఘవేంద్ర తీర్థులయ్యాడు. భర్తని చూడాలని పరుగెత్తిన సరస్వతి పాడుబావిలో పడి చనిపోయింది. దయ్యమై వచ్చిన ఆమె మీద స్వామి తీర్థం చల్లి ముక్తినిచ్చాడు. సంప్రదాయం చెప్పే కథ ఇది. మాది క్రైస్తవ కుటుంబమైనా ఈ కథ మాకూ వచ్చు. తుంగభద్ర నీళ్లకి మతం అడ్డురానట్టే కథలకీ రాదు.

‘భార్యాపిల్లలని వదిలి’ అనే మాట చిన్నప్పుడు నాకు గొప్ప త్యాగంగా వినిపించేది. సాహిత్యంలో పరిశోధన మొదలుపెట్టాక అందులోని ‘ని’ గుచ్చుకోవడం మొదలైంది. అది ద్వితీయా విభక్తి. వదిలినవాడు కర్త, వదలబడినది కర్మ. కర్మ బావిలో పడింది.

ఈ వ్యాసం ద్వితీయ గురించి కాదు, తృతీయ గురించి. వదిలివెళ్లడం పాతకాలపు మాట, ఇప్పుడు వెంట తీసుకెళుతున్నారు కదా అనేవాళ్ల కోసం రాస్తున్నాను.

మా పెద్దమ్మ కూతురు ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు బడిలో పంతులమ్మ. బావ పాస్టరు. మలేసియాలో తోటల పనికి ఒకప్పుడు వలసపోయిన తెలుగు వాళ్ల సంతతి ఉంది. అక్కడ మూడువారాల సువార్త పరిచర్యకి వెళ్లాలన్నది బావ సంకల్పం. సంకల్పం ఆయనది, చీటీ అక్కది. నెలకి మూడువేల చొప్పున ఇరవై ఐదు నెలలు కట్టింది. సాయంత్రాలు ట్యూషన్లు చెప్పింది. పొదుపు సంఘంలో అప్పు తీసింది. రెండేళ్లు దాటితే పూర్తి సీటు కొనాల్సిందే కాబట్టి మూడేళ్ల చిన్నదానికీ టికెట్టు తప్పలేదు. ఆ టికెట్టు అక్క చెవి కమ్మలు. ఆరేళ్ల పెద్దవాడి బడి ఫీజు ఒక విడత వెనక్కి జరిగింది. నాలుగు పాస్‌పోర్టుల కోసం బడికి సెలవు పెట్టి తిరిగిందీ, జ్వరం మందు, ఉప్పూకారం, రాగిపిండి సర్దిందీ ఆమే.

అక్కడ బావ ప్రసంగించాడు. అక్క ముప్ఫైమంది పిల్లల్ని పోగేసి పాటలు నేర్పింది. దిగిన ఇంట్లో ఆడవాళ్లతో వంట చేస్తూ, వాళ్లు పాస్టరుకి చెప్పుకోలేని కష్టాలు విన్నది. చిన్నదానికి జ్వరమొస్తే రెండు రాత్రులు నిద్ర లేదు.

తిరిగొచ్చాక ఆదివారం ఆరాధనలో సాక్ష్యం. బావ నలభై నిమిషాలు మాట్లాడాడు. ‘నా భార్యాపిల్లలతో సహా ప్రభువు నన్ను క్షేమంగా నడిపించాడు’ అన్నాడు. దేవుడు కర్త, బావ కర్మ, అక్క ‘సహా’. నువ్వెందుకు మాట్లాడలేదని ఇంటికొచ్చాక అడిగాను. ‘నేనేం జేస్తి పాపా? పిల్లోల్ని జూసుకుంటి, అంతే’ అంది.

ఈ ‘అంతే’ మీదే నా గొడవ.

ఇది ఒక్క ఇంటి సంగతైతే ఇంత రాయక్కర్లేదు. తెలుగు బాప్టిస్టుల చరిత్రలో గర్వంగా చెప్పుకునే ఘట్టం ఒకటుంది. అప్పటిదాకా మిషనరీలు అమెరికా నుంచి మన దగ్గరికి వచ్చేవాళ్లు. 1903లో తెలుగు సంఘాలే తమ సొంత సొసైటీ ద్వారా జాన్ రంగయ్యని దక్షిణాఫ్రికాలోని నేటాలుకి పంపాయి. అక్కడి తోటల్లో ఒప్పంద కూలీలుగా చాకిరీ చేస్తున్న తెలుగువాళ్ల మధ్య పనిచేయడానికి వెళ్లిన ఆయన, ఆ ఏడాది డిసెంబరుకల్లా కియర్స్నీలో సంఘం నెలకొల్పాడు. 1915లో చనిపోయాడు. చిన్న చిన్న కానుకలు పోగేసి సముద్రం దాటిన ఈ చరిత్ర నిజంగా గొప్పది. తెల్లవాళ్ల దయ మీద బతికే జనం కాదు మేమని చెప్పిన చరిత్ర. నేను దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ ఆ ప్రయాణాన్ని చెప్పే వాక్యం కూడా మా బావ వాక్యం లాంటిదే: రంగయ్య వెళ్లాడు, ‘భార్యాపిల్లలతో’. ఓడలో పిల్లలకి వాంతులైతే ఎత్తుకున్నదెవరు? తెలియని నేల మీద మొదటి పొయ్యి వెలిగించిందెవరు? కూలి లైన్లలో స్త్రీలు మొదట ఎవరితో మాట్లాడి ఉంటారు? వీటికి చోటిచ్చే విభక్తి ఆ వాక్యంలో లేదు.

తెల్ల మిషనరీ భార్యల స్థితీ వేరు కాదు. లండన్ మిషన్ వాళ్లు 1822లో కడపలో పని మొదలుపెట్టారు. ఇంగ్లండులో మిషనరీల కూతుళ్ల కోసం 1838లో వాల్తంస్టోలో, కొడుకుల కోసం 1842లో అక్కడే బళ్లు వెలిశాయి. అంటే, పిల్లల్ని సముద్రం ఆవలికి పంపి ఏళ్ల తరబడి చూడకుండా ఉండటం ఆ తల్లుల ఉద్యోగంలో భాగం. జీతం లేని ఉద్యోగం. జీతమూ హోదా భర్తవి. 1871లో అమెరికన్ బాప్టిస్టు స్త్రీలు విడిగా సొసైటీలు పెట్టుకుని, సొంతంగా చందాలు పోగేసి పెళ్లికాని స్త్రీలని మిషనరీలుగా పంపడం మొదలుపెట్టారు. స్త్రీ తన పేరుతో వెళ్లాలంటే ముందు భార్య కాకుండా ఉండాలన్నమాట!

ప్రథమా విభక్తిలో వెళ్లిన తల్లి లేదా? ఉంది. 1883లో పండిత రమాబాయి భర్త పోయాక, రెండేళ్ల మనోరమని చంకనేసుకుని ఇంగ్లండుకి ఓడెక్కింది. దారిఖర్చులకి తన ‘స్త్రీధర్మనీతి’ పుస్తకం మీద వచ్చిన డబ్బు వాడుకుంది. రాసింది ఆమె, కూడబెట్టింది ఆమె, వెళ్లింది ఆమె, బిడ్డని తీసుకెళ్లిందీ ఆమే. అందుకు ఈ దేశం ఆమెని ఎన్ని మాటలందో చదువుకున్న మనందరికీ తెలుసు.

రమాబాయిని వదిలేద్దాం, మన సీమకే వద్దాం. పాత కడప జిల్లా రాజంపేట, రాయచోటి వైపు నుంచి కువైట్‌కి ఇంటిపనికి పోయే స్త్రీలు కూడా సముద్రం దాటుతున్నారు. పదోతరగతి గట్టెక్కనివాళ్లకి ముప్ఫై ఏళ్లు నిండితేగానీ ఆ పనికి అనుమతి లేదని మన ప్రభుత్వమే నిబంధన పెట్టింది. మగ కూలీకి అలాంటి నిబంధన లేదు. ఇంటిపని వీసా మీద బిడ్డని తీసుకెళ్లే వీలు లేదు. పరాయి పిల్లల్ని పెంచి సొంత పిల్లల ఫీజులు పంపే ఈ తల్లుల గురించి ఊళ్లో వినిపించేది ఒకటే ప్రశ్న: ‘పిల్లోల్ని ఇడ్సిపెట్టి ఎట్ల పోయెనో!’

మగవాడు భార్యాపిల్లలని వదిలితే స్వామి. వాళ్లని వెంట తీసుకెళితే దైవజనుడు. ఆడది వదిలివెళితే చెడ్డ తల్లి. వెంట వెళితే ‘సహా’. ఏ విభక్తి పెట్టినా ఖర్చు మాత్రం ఆమె ఖాతాలోనే.

అక్క ఇష్టపడే వెళ్లింది, ఆమె విశ్వాసాన్ని నువ్వెందుకు లెక్కలేస్తావని ఒక మిత్రురాలు నన్ను కోప్పడింది. నిజమే, అక్క ఇష్టపడే వెళ్లింది. ఆమె ప్రార్థనని నేనెప్పుడూ వెక్కిరించలేదు. కానీ ఆమె విశ్వాసాన్ని లెక్కలోకి తీసుకోనిది నేను కాదు, ఆ నలభై నిమిషాల సాక్ష్యం. పరిచర్య దేవుడిదని నమ్మేవాళ్లు, ముప్ఫైమంది పిల్లలకి పాట నేర్పడం పరిచర్య అవునో కాదో చెప్పాలి. అవునంటే ఆమెని వేదిక మీదికి పిలవాలి. కాదంటే ఆమె చీటీ డబ్బు తిరిగివ్వాలి.

మనమూ శుద్ధపూసలం కాదు. సిద్ధాంత గ్రంథాల ముందుమాటల్లో ‘సహకరించిన శ్రీమతికి’ అన్న వాక్యం దాటేసి విషయసూచికకి వెళ్లిపోతాం. విదేశీ సెమినారుకి వెళ్లొచ్చిన స్నేహితురాలిని ‘పిల్లల్నెవరు చూసుకున్నారు?’ అని మనమే అడుగుతాం. అదే సెమినారుకి వెళ్లిన మగ సహోద్యోగిని పేపరెలా జరిగిందని అడుగుతాం.

2016 డిసెంబరులో పాస్‌పోర్టు నిబంధనలు మార్చి, బిడ్డ దరఖాస్తులో తల్లిదండ్రుల్లో ఒక్కరి పేరున్నా చాలన్నారు. తల్లి పేరొక్కటే ఉన్నా చెల్లుతుంది. సర్కారు కాగితం ఒప్పుకున్నపాటి వ్యాకరణాన్ని సంఘమూ, మఠమూ, విశ్వవిద్యాలయమూ ఇంకా ఒప్పుకోలేదు.

అక్క మళ్లీ చీటీ మొదలుపెట్టింది. ఈసారి ఎక్కడికని అడిగితే నవ్వింది. ఎక్కడికైనా కానీ, తిరిగొచ్చిన ఆదివారం మైకు ముందు ఆమే నిలబడి ‘నేను, మా ఆయనతో, పిల్లలతో వెళ్లొచ్చాను’ అని మొదలుపెట్టాలి. బావకి కొన్నాళ్లు తృతీయా విభక్తిలో ఉండి చూడటం అవసరం.