హీటరు చల్లబడితే

క్రిస్మస్ ఆరాధన ముగించుకొని రాత్రి ఆళ్లగడ్డ నుండి నంద్యాలకు కారులో వస్తున్నాము. వెనుక తల్లి ఒడిలో చంటిబిడ్డ. హీటరు వేస్తే చల్లగాలి కొట్టినది. నంద్యాల ఎండలెరిగిన మనకు హీటరుతో పనేమని ఊరకున్నాము. అది మా తెలివితక్కువ. హీటరుకు వేడినిచ్చేది ఇంజనులో కాగి తిరిగే నీళ్లే. అవి బాగా తగ్గితే హీటరు చల్లబడుతుంది, ఇంజను కాలుతుంది.

శిరివెళ్ల దాటాక ముల్లు ఎర్రగీత చేరగా బండి ఆపాము. రేడియేటరు మూత తీయబోయిన తమ్ముని చేయి పట్టుకొన్నాము. వేడిమీద తీస్తే మరిగే నీళ్లు ముఖాన చిమ్ముతాయి. గంటసేపు ఆగి చూస్తే పైపు చీలియున్నది. డ్రైవరు దగ్గరున్న సైకిలు ట్యూబు ముక్క బిగించి చుట్టి, త్రాగే నీళ్లు పోసి, మెల్లగా ఇల్లు చేరాము.

మీ బండిలో నీళ్లు నిండుగా ఉండి, ముల్లు అడుగుననే ఉంటే థర్మోస్టాటు తెరచుకొని బిగిసియుండవచ్చు, మెకానిక్కుకు చూపండి.