స్తంభం మీద ఆయత్ ఉంది, చదివేవాళ్లు ఏరీ?



మొన్న జుమ్మా నాడు మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో మామూజాన్ ఓ ఫొటో పెట్టారు. ఇటలీలోని సిసిలీ దీవి, పలెర్మో నగరం. అక్కడి కథెడ్రల్ దక్షిణ ద్వారం దగ్గర ఓ రాతి స్తంభం, దాని మీద చెక్కిన ఖురాన్ ఆయత్. కింద ఒక్క మాట: "ఇది అసలు మన మస్జిద్!" పది నిమిషాల్లో వరసగా మాషా అల్లాహ్‌లు. మా అమ్మాయి మాత్రం ఫోన్ నా ముందు పెట్టి, "మనదైతే మనవాళ్లు ఏరీ అబ్బా?" అంది.

ఆ సవాల్‌కు జవాబు ఫార్వర్డ్‌లో లేదు. అందుకే రాస్తున్నాను.

ఫొటో నిజమే. అది సూరె అల్ అఅరాఫ్ 54వ ఆయత్. రాత్రీ పగలూ, సూర్యుడూ చంద్రుడూ అల్లాహ్ హుకుంలోనే నడుస్తాయని చెప్పే ఆయత్. కానీ మామూజాన్ చెప్పింది సగం తారీఖే. 831లో ముస్లింలు పలెర్మోను గెలిచాక, అప్పటికే అక్కడున్న చర్చిని జామే మస్జిద్ చేశారు. 1072లో నార్మన్లు గెలిచి దాన్ని మళ్లీ చర్చి చేశారు. ఇప్పుడున్న కట్టడం 1185లో మొదలైంది. మరి 'మనది' అనే లెక్క ఏ సంవత్సరం నుంచి మొదలుపెడదాం? పునాదులు తవ్వి 'ముందు మాది' అనే లెక్క ఎంత ఖతర్నాకో ఈ దేశంలో మనకు ఒకరు చెప్పాలా?

అదే నగరంలో నార్మన్ రాజు రెండో రోజర్ తన మహల్‌లో కట్టించుకున్న ప్రార్థనాలయం ఉంది, కాపెల్లా పాలతీనా. గుంబద్ లోపల గ్రీకు కారీగర్లు బంగారు మొజాయిక్‌తో హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) రూపం తీర్చారు. పక్కనే చెక్క కప్పు చూడండి. తేనెపట్టులా ముఖర్నస్, కూఫీ హర్ఫ్‌లలో రాజుకు దువాలు, ఫాతిమీల కాలపు తరహా పనితనం. ఆ కప్పు మీద ఒంటెలున్నాయి, సాజ్ వాయించేవాళ్లున్నారు, చేతిలో ప్యాలా పట్టుకున్నవాళ్లూ ఉన్నారు. మన కళలో మనిషి బొమ్మే లేదనుకునేవాళ్లు ఒకసారి చూడాలి. మన మస్జిద్‌లలో తస్వీర్ ఉండదు, వాళ్ల అఖీదా వేరు. ఇంకొకరి ఇబాదత్‌గాహ్‌ను అదబ్‌తో చూస్తే ఈమాన్‌కు నుక్సాన్ రాదని నా నమ్మకం.

హజ్ చేసి అందలూసియాకు తిరిగెళ్తూ, ఓడ దెబ్బతిని ఇబ్నె జుబైర్ 1184 చివర్లో సిసిలీలో దిగాడు. ఇప్పుడు మార్తొరానా అంటున్న చర్చిలో బంగారు గోడలు చూసి ఎంతో తారీఫ్ చేశాడు. అక్కడ అజాన్ వినబడాలని దువా కూడా చేసుకున్నాడు. రెండూ దాచకుండా రాశాడు. ఇంకోటీ రాశాడు. త్రాపనీ ఊళ్లో ఓ పెద్దింటి బాప్ హాజీల దగ్గరికి కొడుకును పంపాడు, తన చిన్న కూతుర్ని నికాహ్ చేసుకుని ఈ దేశం దాటించమని.  దర్బార్‌లో అరబ్బీ మాట్లాడుతున్న రోజులవి, మన హునర్‌కు జీతం దొరుకుతున్న రోజులవి.

తర్వాత జరిగింది చదివితే ఆ బాప్ భయం అర్థమవుతుంది. 1189లో రెండో విలియం రాజు చనిపోగానే పలెర్మో ముస్లింల మీద దాడులు జరిగాయి. చాలామంది కొండల్లోకి పారిపోయారు. 1220ల నుంచి రెండో ఫ్రెడరిక్ చక్రవర్తి మిగిలినవాళ్లను ఇటలీలోని లూచెరాకు తరలించాడు. 1300లో ఆ బస్తీనీ లేకుండా చేశారు, ఎంతోమందిని గులాంలుగా అమ్మేశారు.

కప్పు మిగిలింది, స్తంభం మిగిలింది. ఖౌమ్ మిగల్లేదు. దర్బార్ మన కారీగర్‌కు ఇజ్జత్ ఇచ్చిందంటే మన బిడ్డలకు సలామతీ ఇచ్చినట్టు కాదు. పలెర్మో చర్చిల నుంచి నేను నేర్చుకున్న సబఖ్ ఇదే. ఫఖర్ పడేముందు వాళ్ల కోసం ఒక దువా చేయాలి.

సిసిలీ వాళ్ల జుబాన్‌ను జుల్మ్ తీసుకుపోయింది. నా ఇంట్లో ఏ జుల్మూ లేదు. నేను ఉర్దూ మీడియంలో చదివాను, తెలుగులో డిగ్రీ చేశాను. మా అబ్బాజాన్ ఉర్దూలో రాసిన ఉత్తరాలు బీరువాలో ఉన్నాయి, మా అమ్మాయి వాటిలో ఒక్క లైనూ చదవలేదు. ఈ తప్పు ఏ రాజుదీ కాదు, నాదే.

మామూజాన్‌కు ఈ హఖీకత్ అంతా అదబ్‌తోనే రాశాను. ఆయన కాసేపు ఆగి, "బేటా, ఆ ఉత్తరాల ఫొటో ఒకటి పెట్టు" అన్నారు. పెట్టాను. ఇత్వార్ నుంచి నేనూ మా అమ్మాయీ రోజుకో లైన్ చదువుతున్నాం.